ఏం చదువుతున్నవ్ అంటే గ్రూప్-2 అంటవేంది తమ్మీ?

ముందుగాల నా తప్పు నేను ఒప్పుకుంట. తర్వాత మీ సంగతికి వస్త.

పోయిన నవంబర్‌ల గ్రంథాలయ వారోత్సవాలకు ఓ చిన్న పట్నం శాఖా గ్రంథాలయపోళ్ళు నన్ను పిలిచిన్రు. ఉద్యమంల తిరిగినోడు, పత్రికల పనిచేస్తడు, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్తడు అనుకున్నరు. మైకు చేతికొస్తే మనం ఊకుంటమా? అరగంట దంచిన. చినిగిన చొక్కా ముచ్చట చెప్పిన. పుస్తకం దీపం అన్న, పుస్తకం ఆయుధం అన్న. చప్పట్లు కొట్టిన్రు. శాలువా కప్పిన్రు.

దిగిపోతుంటే ఎనుక బెంచీల నుంచి ఓ ఇంటర్ పిల్ల లేచి నిలబడ్డది. "సార్, మీరు ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నరు?"

నోట్ల తడి ఆరిపోయింది. నెలల సంది నేను చదివింది ప్రెస్‌నోట్లు, వాట్సప్‌ల వచ్చిన పీడీఎఫ్‌ల మొదటి పేజీలు. శాలువా కప్పుకున్నోడు ఆ మాట ఎట్ల చెప్తడు? "వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చదువుతున్న బిడ్డా" అన్న. పదేండ్ల కింద చదివిన పుస్తకం అది. పిల్ల ఊకోలే. "ఎందాక వచ్చిన్రు సార్?" అన్నది. "సగం అయింది" అన్న. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు.

ఆ పిల్ల నమ్మింది. నోటుబుక్కుల పేరు రాసుకున్నది. అక్కడికక్కడనే ఆ పుస్తకం ఇయ్యుమని అడిగింది. బీరువాకు తాళం. తాళంచెవి ఇంచార్జి కాడ. ఇంచార్జి ఆ రోజు ఇంకో ఊరి గ్రంథాలయంల ఉన్నడు. ఒక్కడే మూడింటిని చూసుకుంటడట.

చదవకుంటనే చదువుతున్న అని చెప్పి శాలువా తెచ్చుకున్నోడు ఒకడు. నిజంగ చదువుత అని తాళం ముందల నిలబడ్డ పిల్ల ఒకతి. ఇయ్యాల తెలంగాణల పుస్తకం కథ మొత్తం ఆ గదిలనే ఉన్నది. నేను దొరికిన దొంగను. కాబట్టి మిగతా దొంగల పేర్లు చెప్పే హక్కు నాకున్నది.

చదువుల నుంచి పుస్తకం జారిపోయింది

మన మాటల ఒక చిత్రం జరిగింది, గమనించిన్రా? "ఏం చదువుతున్నవ్?" అని ఎవరినన్న అడుగున్రి. "డిగ్రీ ఫైనలియర్" అంటడు. "బీటెక్ అయిపోయింది, గ్రూప్-2 చదువుతున్న" అంటడు. "ఈసారి డీఎస్సీ మీద కూసున్న" అంటడు. ఒక్కడంటే ఒక్కడు పుస్తకం పేరు చెప్పడు. అది వాని తప్పు గాదు. ఆ ప్రశ్నకు ఇగ ఆ అర్థమే మిగలలే. చదువంటే కోర్సు. చదువంటే నోటిఫికేషన్. ఒక నవల చేతుల పట్టుకొని కనబడితే "ఏంది, ప్రిపరేషన్ బందుపెట్టినవా?" అని ఇంట్ల అడుగుతరు. సిగరెట్ దాచినట్టు నవలను దాచుకునే పోరగాండ్లను నేను చూసిన.

ఉద్యోగస్తుల సంగతి ఇంకా ఘనం. ఏ ఉద్యోగిని అడిగినా వచ్చే జవాబు ఒక్కటే, 'మహాప్రస్థానం'. 1950ల అచ్చయిన పుస్తకం అది. మనోళ్ళు కాలేజీల మొదలుపెట్టిన్రు, రిటైర్మెంట్ దగ్గరికొచ్చినా ఇంకా చదువుతనే ఉన్నరు! శ్రీశ్రీని తక్కువ చేస్తలేను. ఆయన పేరును ఓటరు కార్డు లెక్క జేబుల పెట్టుకొని తిరిగే మనల్ని అంటున్న. పుస్తకాలు చదవాలె అని పిల్లలకు చెప్పే పంతులు తాను ఏం చదువుతున్నడో క్లాసుల చెప్పడు. చెప్పనీకె ఉంటే కదా! ఇంట్ల అద్దాల బీరువా ఉంటది, దాంట్ల సన్మానాలకు వచ్చిన పుస్తకాలు ఉంటయి, వాటి మీద కవర్ గూడ తియ్యలే.

ఇగ నాయకులు. "బొకేలు వద్దు, పుస్తకాలు తేండ్రి" అంటున్నరు. మంచిదే. మరి వచ్చిన పుస్తకాలల్ల ఒక్కటన్న చదివి, ఇది నాకు నచ్చింది, ఇది నచ్చలే, ఈ మాట మీద నా ఆలోచన మారింది అని ఒక్క సభల చెప్పిన నాయకున్ని చూపియ్యున్రి. ఫొటోల పుస్తకం నవ్వుతుంటది. అది తెరిస్తే కదా ఏడ్చేది!

నాలుగు ఆప్షన్ల నడుమ వట్టికోట

అశోక్‌నగర్ టీకొట్టు కాడ ఓ పదిమంది తమ్ముండ్లను అడిగిన. దేశోద్ధారక గ్రంథమాల స్థాపకుడు ఎవరు? సురవరం ప్రతాపరెడ్డా, వట్టికోటనా, కాళోజీయా, దాశరథియా అని నేను ఆప్షన్లు చెప్పకముందే జవాబు వచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి. ఏ సంవత్సరం? 1938. శెభాష్. ఆయన నవలలు? 'ప్రజల మనిషి', 'గంగు'. ఇంకా శెభాష్. ఎవరన్న చదివిన్రా? పదిమంది ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఒకడు ధైర్యం చేసి అన్నడు: "రచయిత పేరు తెలిస్తే చాలన్నా, లోపట ఏముందో అడగరు."

మన చరిత్ర పాఠాలల్ల లేదని కొట్లాడినం. రాష్ట్రం 2014ల వచ్చింది. గ్రూప్-1ల, గ్రూప్-2ల తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద ఒక పేపరే వచ్చింది. పండుగ చేసుకున్నం. కాని చూస్తుండంగనే ఏమాయె? మనోళ్ళను పుస్తకాల నుంచి గుంజి గైడ్లల్ల బిట్లు చేసిన్రు. ఆంధ్రా పాలకులు మన రచయితలను మరిచిపోయిన్రని అన్నం. మనం మరువలే. పేరు, ఊరు, సంవత్సరం బట్టీ పట్టి, ఆయన రాసింది మాత్రం ముట్టలే. గిది మరుపు కంటె అన్యాలం.

ఎవరీ వట్టికోట? 1915ల నల్లగొండ జిల్లాల పుట్టిన పేదింటి బిడ్డ. ఒకరి ఇంట్ల వంట చేసుకుంట అక్షరాలు నేర్చుకున్నడు. హోటల్ల పనిచేసిండు. 'గోలకొండ' పత్రికల ప్రూఫులు దిద్దిండు. చేతుల పైసల్లేవు, అయినా ఒక గ్రంథమాల పెట్టిండు. అచ్చేసిన పుస్తకాలను తనే మోసుకొని ఊరూరు తిరిగి అమ్మిండు. అమ్ముడంటే మాటలు గాదు. గడప కాడ నిలబడి, ఈ పుస్తకంల గిది ఉన్నది, ఇందుకు చదవాలె అని చెప్పి ఒప్పియ్యాలె. అంటే తాను చదివింది పదిమందికి చెప్పుడే ఆయన జీవితం. ఆయనకు మనం ఇచ్చిన గౌరవం ఒక్క మార్కు.

ఒక్కడు చదివితే ఊరు విన్నది

చదువుతున్న పుస్తకం పేరు చెప్పుడు చిన్న ముచ్చట అని కొందరు అనుకుంటరు. ఏదో తీరిక ఉన్నోళ్ళ పని అంటరు. తెలంగాణల అది ఎన్నడూ తీరిక ఉన్నోళ్ళ పని గాదు.

సర్కారు భాష ఉర్దూ. బడి ఉర్దూ. కచేరి ఉర్దూ. ఆ హైదరాబాద్‌ల 1901 సెప్టెంబర్ 1 నాడు రావిచెట్టు రంగారావు ఇంట్ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. 1904ల హనుమకొండల రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టిన్రు. తర్వాత ఊర్లల్ల ఒకటెనుక ఒకటి లేచినయి. గస్తీ నిషాన్ 53 అని ఒక ఫర్మానా ఉండె. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలె. అట్లాంటి రోజులల్ల పదిమంది ఒక్కకాడ కూసోనీకె గ్రంథాలయమే జాగ అయింది. ఒకడు పేపర్ పట్టుకొని చదివేది, అక్షరం రానోళ్ళు చుట్టు కూసొని వినేది. అక్కడ పుస్తకం ఒక్కని సొత్తు గాదు. ఒకని కండ్లు, పదిమంది చెవులు.

తెలంగాణల కవులే లేరు అని ఒకాయన రాసిండు. సురవరం ప్రతాపరెడ్డి తిట్టలే, లొల్లి చెయ్యలే. 1934ల 'గోలకొండ కవుల సంచిక' తెచ్చి 354 మంది కవుల లెక్క ముందల పెట్టిండు. గది జవాబంటే. నేనిప్పుడు అడుగుతున్న. తెలంగాణల పాఠకులు లేరు అని రేపు ఎవడన్న అంటే మన కాడ ఏం లెక్క ఉన్నది? ఒక్క మండలంల, ఈ నెల ఈ పుస్తకం చదువుతున్న అని చెప్పే 354 మంది పేర్లు రాయగలుగుతమా?

మల్లు స్వరాజ్యం సంగతి చూడున్రి. 1931ల భూస్వామి ఇంట్ల పుట్టిన ఆడపిల్ల. చిన్నతనంల గోర్కీ 'అమ్మ' చదివిన అని, అది తనను కదిలిచ్చిందని ఆమె జీవితాంతం చెప్పుకున్నది. ఎక్కడి రష్యా, ఎక్కడి సూర్యాపేట తాలూకా! ఆ పుస్తకం తనంతట తాను నడిచి రాలే. ఎవరో చదివిన్రు, ఎవరో చెప్పిన్రు, ఎవరో చేతుల పెట్టిన్రు. పుస్తకానికి కాళ్ళు లేవు. చెప్పే నోరే దానికి కాళ్ళు.

మనం చూసింది గూడ యాది చేసుకుందం. 2009 డిసెంబర్‌ల నేను డిగ్రీ చదువుతున్న. హాస్టల్ గదిల ఎనమండుగురం. ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం, నీళ్ళ లెక్కల మీద వచ్చిన పుస్తకాలు మాకు చేతికొక కాపీ దొరికేది గాదు. ఒక్క పుస్తకానికి పాత క్యాలెండర్ కాగితం అట్టేసి వంతులు వేసుకున్నం. రాత్రి బువ్వ తినేటప్పుడు ఒకడు అడిగేది: "ఎందాక వచ్చినవ్‌రా?" చదవకుంట వచ్చినోడు ఆ రాత్రి గిన్నెలు కడగాలె. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. టెంట్ల కింద ఉద్యోగులు కరపత్రం ఒకరు చదువుతుంటే అందరు విన్నరు. నడుమ ఆపి వాదం పెట్టుకున్నరు. ఆ టెంట్ల కింద నేర్చుకున్నది నాకు ఏ క్లాస్‌రూంల దొరకలే.

ఆ గదిల ఎనమండుగురిలో ముగ్గురికి ఉద్యోగాలు వచ్చినయి. ఇద్దరు దుబాయి పోయిన్రు. మిగతావాళ్ళు తలో తొవ్వ. నెలకోసారి ఫోన్ చేసుకుంటం. ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటం, బీపీ గోళీలు మాట్లాడుకుంటం. "ఎందాక వచ్చినవ్‌రా?" అని అడిగేటోడు లేడు. అడుగుతే ఎనమండుగురం గిన్నెలు కడగాలె.

రూపాయికి ఎనిమిది పైసలు

పాఠకుల్నే తిట్టి ఊకుంటే సర్కారుకు సంతోషం. "జనం చదువుతలేరు కాబట్టి మేము కొంటలేము" అంటరు. అబద్ధం. 1960 గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నం. ఇంటి పన్ను 2000 అయితే దాని మీద 160 రూపాయలు. ఏడాదికి ఒక మంచి పుస్తకం ఖర్చు. మీరు చదివినా చదవకున్నా, గ్రంథాలయం మొఖం చూసినా చూడకున్నా, ఆ పైసలు కట్టినట్టే. వసూలు చేసుకున్న స్థానిక సంస్థలు వాటిని గ్రంథాలయ సంస్థలకు ఇయ్యకుంట బకాయిలు పెట్టుడు ఏండ్ల సంది నడుస్తున్న కథ. కరెంటు బిల్లు ఒక్క నెల ఆపితే ఫ్యూజు పీకేటోళ్ళు, పుస్తకం పైసలు ఏండ్లు ఆపితే ఎవడూ అడుగడు. ఎందుకు అడుగడు? అడగాల్సిన మనం పోయి కొత్త పుస్తకం ఏం వచ్చింది అని ఎన్నడన్న అడిగినమా?

గ్రంథాలయాలు ఖాళీగ ఉన్నయని గూడ అనకున్రి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దుగాల పోయి చూడున్రి. కుర్చీ దొరకదు. చెట్ల కింద, మెట్ల మీద పోరగాండ్లే. కాని వాళ్ళ చేతులల్ల ఉన్నయి ఇంటికెల్లి తెచ్చుకున్న మెటీరియల్, జిరాక్స్ కట్టలు. గ్రంథాలయం వాళ్ళకు నీడ ఇస్తున్నది, ఫ్యాన్ ఇస్తున్నది. పుస్తకం ఇస్తలేదు. నలుగురు కూసునే జాగ ఉన్నది. నలుగురు మాట్లాడుకునే పుస్తకం లేదు.

బువ్వ ముందా, నవల ముందా?

ఇక్కడ ఒక తమ్ముడు కోపానికి వస్తడు. రావాలె గూడ. "అన్నా, నీకేం. జీతమున్నది, శాలువాలున్నయి. మా అమ్మ పుస్తెలతాడు కుదవ పెట్టి హాస్టల్ ఫీజు కట్టింది. 2022 అక్టోబర్‌ల గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసిన. పేపర్ లీకైందని 2023 మార్చిల రద్దు చేసిన్రు. 2023 జూన్‌ల మళ్ళ రాసిన. దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌ల మూడోసారి రాసిన. నా మూడేండ్లు ఎవడు ఇస్తడు? నన్ను నవలలు చదువుమంటవా?"

తమ్మీ, నీ కోపం ముందల నేను తలొంచుకుంట. నీ మూడేండ్లు తిన్నోళ్ళను విడిచిపెట్టుమని నేను అంటలేను. బిట్లు చదవకు అని గూడ అంటలేను. బువ్వ ముందే. కాని ఒక్క మాట విను. పేపర్ లీకైన నాడు నువ్వు ఆ గదిల ఒంటరిగ కూసున్నవ్. పక్క మంచం మీద ఉన్నోడు నీకు దోస్తు గాదు, పోటీదారుడు. వాడు ఏ మెటీరియల్ చదువుతున్నడో నీకు చెప్పడు, నువ్వు వానికి చెప్పవు. 2009ల మేము పుస్తకం వంతులు వేసుకున్న గదులల్లనే ఇయ్యాల పుస్తకం దిండు కింద దాచుకుంటున్నరు. మిమ్మల్ని ఒంటరి చేసింది ఆ పరీక్ష ఒక్కటే గాదు, ఆ దాపరికం గూడ. ఒంటరోనికి అన్యాయం చేసుడు అల్కగ అయితది.

వారానికి ఇరవై పేజీలు చదువు. సిలబస్‌ల లేనిది చదువు. చదివినంక పక్కమంచం వానికి చెప్పు. గంతే అడుగుతున్న. నిజామాబాద్ జైలుల దాశరథికి కాగితం లేకపోతే గోడ మీద బొగ్గుతోని రాసిండు. అదే జైలుల ఖైదీగ ఉన్న వట్టికోట దాన్ని చదివిండు, చెప్పుకున్నడు. జైలుల తీరిక దొరికి గాదు, ఒంటరి కాకుండ ఉండనీకె.

ఇంకొకరు నెమ్మదిగ అంటరు: నేను ఏం చదువుతున్ననో నలుగురికి ఎందుకు చెప్పాలె, అది గొప్పలు చెప్పుకున్నట్టు కాదా? గొప్పలకు, పంచుకునుడుకు తేడా కనిపెట్టే రాయి ఆ ఇంటర్ పిల్ల కాడ ఉన్నది. "ఎందాక వచ్చిన్రు?" అట్ట ఫొటో పెట్టుడు గొప్ప. నలభయ్యో పేజీల ఆగిపోయిన, ఈడ నాకు అర్థం కాలే, ఈ రచయిత ఈడ అన్యాయం రాసిండు అని చెప్పుడు పంచుకునుడు. అర్థం కానిది చెప్పుకుంటే సిగ్గు గాదు. చదవకుంటనే చదివిన అన్నడు సిగ్గు. ఆ సిగ్గు ఎట్లుంటదో నాకు ఎరుకే.

బోర్డు మీద పేర్లు రాయున్రి

కమిటీలు వద్దు, జీవోలు వద్దు. చేసేటివి చెప్త.

ప్రతి శాఖా గ్రంథాలయంల నోటీసు బోర్డు ఉంటది. దాని మీద నోటిఫికేషన్ల పక్కకు ఒక తెల్లకాగితం అంటియ్యున్రి. 'మన ఊరు ఇప్పుడు చదువుతున్నది' అని పైన రాయున్రి. పేరు, పుస్తకం, ఎందాక వచ్చిన్రు. మూడే గడులు. చాకలి ఐలమ్మ గురించి చిన్న పుస్తకం చదివే ఐదో తరగతి పిల్ల పేరు గూడ ఉండాలె, తహసీల్దారు పేరు గూడ ఉండాలె. తహసీల్దారు గడి ఖాళీగ ఉంటే ఊరు చూస్తది.

పంతుళ్ళు సోమవారం మొదటి పీరియడ్‌ల రెండు నిమిషాలు తాము చదువుతున్నది చెప్పాలె. ఉద్యోగ సంఘాల మీటింగుల డీఏ, పీఆర్సీ అయినంక అధ్యక్షుడు లేచి తాను చదువుతున్న పుస్తకం పేరు చెప్పాలె. ఏదీ చదువుతలేకపోతే "ఏదీ చదువుతలేను" అనాలె. అది గూడ ఒక జవాబే. నేను ఆనాడు ఆ జవాబు చెప్పినా బాగుండె.

తాళమేసిన బీరువా కాడికి పోయి ఆ పుస్తకం కావాలె అని కాగితం మీద రాసియ్యున్రి. మూడు గ్రంథాలయాలకు ఒక్కడే ఇంచార్జి ఎందుకున్నడు, మా 8 పైసలు యాడికి పోయినయి అని ఎమ్మెల్యేను నిలదీయున్రి. పాఠకుడు అడిగిననాడే పాలకుడు కదులుతడు.

నా సంగతి చెప్పి ముగిస్త. ఆ సభ అయిన మరునాడు 'ప్రజల మనిషి' బయటికి తీసిన. పదేండ్ల కింద చదివింది సగం యాదికి లేదు. పరీక్ష బిట్లు తప్ప నాకు గూడ ఏం మిగల్లే అని అప్పుడు తెలిసింది. మొదటి సంది మళ్ళ మొదలుపెట్టిన. అయినంక నా కాపీని ఆ పట్నం గ్రంథాలయానికే ఇస్త, తాళమేసే బీరువాల గాదు, ఆ పిల్ల చేతికి. దాని మొదటి పేజీ మీద ఒక్క మాట రాస్త: "బిడ్డా, ఆనాడు నేను అబద్ధమాడిన."

ఇయ్యాల అడుగుతే నిజం చెప్త. డెబ్బై రెండో పేజీల ఉన్న.

మరి నువ్వు ఎందాక వచ్చినవ్?